గేటు దగ్గర నాగప్ప

గద్వాలలో నేను చేసిన ఉద్యోగం ఎలాంటిదో మా అమ్మకు చివరిదాకా అంతుపట్టలేదు. బిజినేపల్లిలో ఎవరైనా అడిగితే "మా అశ్విని ఫోన్లల్ల మాటలు రాస్తది" అనేది. విన్నవాళ్లు నా వైపు జాలిగా చూసేవాళ్లు. అప్పట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు వనపర్తిలో వేరే ఆఫీసులో కూర్చుని ఆలోచిస్తే, అమ్మ చెప్పినదాంట్లో తప్పేమీ లేదనిపిస్తుంది. రైతుల సంఘానికి ఒక యాప్ ఉండేది. వాన కబురు, జూరాల నీటి మట్టం, మార్కెట్ ధరలు అందులో కనిపించేవి. రైతు యాప్ తెరవగానే తెర మీదికి ఒక చిన్న డబ్బా వచ్చి నిలబడుతుంది చూడండి, ఆ డబ్బాలో మాటలు రాయడమే నా పని. చదివి, కింద బటన్ నొక్కాలి. మనవాళ్లు చదివితేగా! పైన మూలనున్న ఇంటు గుర్తు నొక్కి పారేస్తారు. ఎవరు చదివారో, ఎవరు చదవకుండా కొట్టేశారో ఆఫీసులో నాకు కనిపిస్తూనే ఉంటుంది. నా కడుపుమంట పగవాళ్లకు కూడా వద్దు.

ఆ ఉద్యోగం పేరెత్తితే నాకు ముందుగా నాగప్పే గుర్తొస్తాడు. ఆయనతో పరిచయం కూడా నేను చేసిన ఒక ఘనకార్యం వల్లే అయింది.

ఇంకో రెండు నెలల్లో గద్వాల బడి ఆవరణలో కంటి శిబిరం పెడుతున్నారు. శుక్లాలున్నవాళ్లను పరీక్షించి, ఆపరేషన్ అవసరమైనవాళ్లను పాలమూరు తీసుకెళ్తారు. ఆ కబురు రైతులకు చెప్పాలి. యాప్ తయారుచేసిన ప్రదీప్ హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "త్వరపడండి, ఇదే ఆఖరి అవకాశం అని పెట్టండి మేడమ్, అప్పుడే నొక్కుతారు" అన్నాడు. నాకు అరుపులంటే చిరాకు. కళ్లు కనబడని ముసలివాళ్లను ఉరకమంటావా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది అని తిట్టి, నా పద్ధతిలో మర్యాదగా రాశాను: "సంఘం ఆఫీసుకు ఒకసారి రండి. తొందర లేదు, నిదానంగా రండి." దాని కింద చిన్న అక్షరాలతో కంటి శిబిరం సంగతి. రాసినదాన్ని చూసుకుని నేనే మురిసిపోయాను కూడా.

మర్నాడు ఆఫీసు తాళం తీస్తుంటే మల్దకల్ వైపు నుంచి జంగమ్మ అనే పెద్దావిడ ఆటో దిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ వచ్చింది. వెనకాల ఇంకొందరు ముసలివాళ్లు, మొహాల్లో నెత్తురుచుక్క లేదు.

"ఎవలు పోయిన్రు బిడ్డా? నా కొడుకు పుణెల ఉన్నడు. వానికేమన్న అయిందా? దాచకు, చెప్పెయ్!" అంటూ నా చేతులు పట్టుకుంది.

"ఎవలూ పోలేదు పెద్దమ్మా, కంటి శిబిరం ఉంది, గంతే" అన్నాను.

"మరి తొందర లేదు, నిదానంగ రండి అని ఎందుకు రాసినవ్? గట్ల రాస్తరా ఎవలన్న?"

కొడుకుతో ఫోన్‌లో మాట్లాడించి, నీళ్లిచ్చి, చాయ్ తాగించాక ఆమె అసలు సంగతి చెప్పింది. "నువ్వు ఈడిదానివి గాదు, నీకు తెల్వదు. టాకీసుల నాగప్ప రాసేటోడు గట్ల. మా నాయిన పోయినప్పుడు నాకు రాసింది గదే మాట." అని కళ్లు తుడుచుకుంది. అంత దుఃఖంలోనూ నన్ను నాలుగు తిట్టే వెళ్లింది. తిట్టించుకున్నాను, ఏం చెయ్యను.

సాయంత్రం ఆ నాగప్ప ఎవరో చూద్దామని బయలుదేరాను. గద్వాల కోట వెనక సందులో రెండు గదుల ఇల్లు. బనీను, లుంగీ, వేళ్ల మీద ఎప్పటిదో రంగు మరకలు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. పుట్టింది రాయచూరు దారిలోని ఒక ఊళ్లో, వాళ్లమ్మది కన్నడం. అందుకే ఔననాల్సిన చోట "హౌదు" అనేవాడు. నేను చేసిన నిర్వాకం చెబితే ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇంకా యాది పెట్టుకున్నరా బిడ్డా జనాలు?" అన్నాడు.

ఆయన కథ నాకు ఆ రోజే కొంత తెలిసింది, మిగతాది తర్వాత మెల్లగా తెలిసింది. మీసాలు రాని వయసులో టాకీసులో చేరాడు. పోస్టర్లు అంటించేవాడు, బెంచీలు తుడిచేవాడు. అక్షరం గుండ్రంగా రాస్తాడని స్లైడ్ల పని ఇచ్చారు. సెల్‌ఫోన్లు లేని కాలం. సినిమా చూస్తున్న మనిషి కోసం ఇంటి నుంచి ఎవరైనా పరుగెత్తుకొస్తే చీకట్లో ఎక్కడని వెతుకుతారు? గేటు దగ్గర చెబితే నాగప్ప చిన్న గాజుపలకను కిరసనాయిలు దీపం మీద పెట్టి మసి పట్టించేవాడు. ఆ మసి మీద సూదితో అక్షరాలు గీకేవాడు. పలక మెషీన్‌లో పెడితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వెలిగేవి: "ఐజ నుండి వచ్చిన ఫలానా వారి కోసం గేటు దగ్గర వారి బావ నిలబడి ఉన్నారు."

ఆ మాట వినగానే నా చిన్నతనం కళ్ల ముందు తిరిగింది. వనపర్తి టాకీసులో మా మేనత్త ఒళ్లో కూర్చుని, తెర మీద అలాంటి అక్షరాలు చూసి, అది కూడా సినిమాలో ముక్కేననుకున్నాను. లేచి వెళ్లిపోయే మనిషిని చూసి, "అత్తా, ఆయన సినిమాలోకి పోతున్నడా?" అని అడిగానట. మా అత్త పోయింది, ఆ టాకీసూ పోయింది. ఆ చీకటి, ఆ బీడీ పొగ, మొక్కజొన్న కంకుల వాసన ఇప్పటికీ మరచిపోలేదు.

"చావు కబురైతె తెర మీద రాయొద్దు గద" అన్నాడు నాగప్ప. "ఒక్కసారి తెల్వక 'వెంటనే రావలెను' అని రాసిన. ఆ మనిషి చీకట్ల ఉరికి మెట్ల మీద పడ్డడు, పండ్లు రాలినయ్. అప్పటిసంది గసుంటి కబురొస్తె తొందర లేదు, నిదానంగ రండి అని రాస్తుంటి. కొన్నొద్దులకు ఊరంతటికి తెలిసిపోయింది. గది కనబడంగనే వరసల ఉన్నోళ్లు లేచి తొవ్వ ఇస్తుండ్రి. ఎవలో ఒకరు చెప్పులు వెతికి పట్టుకొస్తుండ్రి. తెలియనోళ్లు గూడ చెయ్యి పట్టుకొని గేటు దాంక తోల్కొస్తుండ్రి."

నేను ఏడుస్తానేమోనని భయపడి, "మరి నాకెందుకు ముందే చెప్పలే?" అని కసిరాను. "నువ్వు అడిగితివా?" అని నవ్వాడు.

టాకీసు మూతపడి గోదాము అయ్యాక లారీల వెనక రాతలు రాశాడు, బండ్ల నంబరు ప్లేట్లు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనీ పోయింది. భార్య పోయింది. నేను వెళ్లిన మర్నాటి నుంచి పొద్దున్నే మా ఆఫీసుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. చాయ్ తాగేవాడు, నేను రాసిన డబ్బాలు చదివి మొహం చిట్లించేవాడు. ఒకసారి "గౌరవనీయులైన రైతు సోదర సోదరీమణులారా" అని మొదలుపెడితే, "గిది చదివేలోపు సినిమాల విశ్రాంతి గూడ అయిపోతది" అన్నాడు. ఇద్దరం గొడవపడేవాళ్లం. యూరియా కబురును ఆయన ఒక్క ముక్కలో రాసిస్తే, ఏ ఊరివాళ్లకో, ఎప్పుడో లేకుండా ఎలా అని నేను తిట్టి మళ్లీ రాయించేదాన్ని. అలా ఇద్దరం కలిసి రాసినవి జనం చదవడం మొదలుపెట్టారు. ప్రదీప్ ఫోన్ చేసి, "ఏం చేశారు మేడమ్?" అంటే చెప్పలేదు. చెబితే వాడూ వచ్చి కూర్చుంటాడని నా భయం.

ఒకరోజు నాగప్ప గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు. "బిడ్డా, గీ డబ్బా అందరికి గాకుండ ఒక్కనికే కనబడేటట్టు పెట్టొస్తదా?"

"వస్తది. ఎవలకు?"

"యేసయ్యకు."

యేసయ్య టాకీసులో మెషీన్ ఆపరేటరు. నాగప్ప గీకిన పలకను తెర మీద వేసింది ఆయనే. ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్లు. టాకీసు మూతపడ్డాక యేసయ్య జూరాల కాలువ కింద పొలం కౌలుకు పట్టి వరి వేసుకుంటున్నాడు. కొన్నేళ్ల కింద ఎడమ కంటికి శుక్లం వస్తే భయపడి ఆపరేషన్ వద్దన్నాడు. నాగప్పే బతిమాలి, భయపెట్టి, బలవంతంగా తీసుకెళ్లి చేయించాడు. నాట్ల కాలం. కట్టు విప్పిన వారానికే యేసయ్య ఎవరి మాటా వినకుండా బురదలో దిగాడు. కంటికి చీము పట్టింది, చూపు పోయింది. చూడటానికి వెళ్లిన నాగప్పతో, "నా కన్ను నువ్వే తీసినవ్, ఇగ నా గడప తొక్కకు" అన్నాడు. అప్పటినుంచి మాటల్లేవు. సంతలో ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతాడు.

"ఇప్పుడు కుడి కన్ను గూడ మసకైందంట" అన్నాడు నాగప్ప. "వాని బిడ్డ ఉమ చెప్పింది. శుక్లం పండిందంట, జల్ది తీయకుంటె ఉన్న చూపు గూడ ఉండదని డాక్టరు చెప్పిండంట. వీడు వింటలేడు. ఉన్న మసకనన్న ఉండనియ్యి అంటున్నడంట. నేను పోతె తలుపేస్తడు. కానీ రోజు పొద్దుగాల ఫోను ముక్కుకానిచ్చుకొని జూరాల నీళ్లెన్ని ఉన్నయో చూస్తడంట. ఆ నంబరు పెద్దగుంటది గద."

కన్ను పోతే యేసయ్యకు పొలమూ పోతుంది, తన అన్నం తాను సంపాదించుకునే రోజూ పోతుంది. ముందు పోయిన కంటి బరువులో సగం ఈ మనిషి నెత్తి మీద ఉందని నాకు అప్పుడు అర్థమైంది. శిబిరానికి వారమే ఉంది.

నేను పనిలో పడ్డాను. యేసయ్య ఒక్కడికే కనిపించేలా పెద్ద అక్షరాలతో పెట్టాను: "కంటి శిబిరానికి మీ పేరు రాయించుకోండి." తెరవగానే కనిపించింది, వెంటనే ఇంటు గుర్తు నొక్కాడు. రెండో రోజూ అదే. నాకు పిచ్చి కోపం వచ్చింది. కళ్లు కనబడవంటాడు, ఆ ఇంటు గుర్తు మాత్రం ఎలా కనబడుతుందో!

నాగప్ప గడ్డం గోక్కున్నాడు. "యేసయ్య నా పలకను ఇయ్యంగనే ఎయ్యకపోతుండె. మెషీను రూము గోడకున్న బొక్కల నుంచి జనాన్ని చూస్తుండె. జనం నవ్వుతున్నప్పుడు వెయ్యడు, ఫైటింగు నడుస్తున్నప్పుడు వెయ్యడు. పాట అయిపోయి మనుషులు జెర కదిలినప్పుడు వేస్తుండె. వాడేసిన ఏళకు వేస్తెనే మనిషి లేస్తుండె."

"అంటే నీళ్లు చూడనియ్యకుండ అడ్డం పడుతున్నం" అన్నాను. నీళ్ల కోసం వచ్చిన మనిషి మొహం మీద మనం తలుపు వేస్తే ఊరుకుంటాడా? మర్నాడు డబ్బాను వెనక్కి జరిపాను. ఆయన నీటి మట్టం చూసుకుని, యాప్ మూసేసే ముందు కనిపించేలా పెట్టాను. ఈసారి చాలాసేపు చదివాడు. నాగప్ప నా కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాడు. చివరికి యేసయ్య ఇంటు గుర్తే నొక్కాడు.

"ఇగ కాదు లే బిడ్డా" అని నాగప్ప కండువా భుజాన వేసుకున్నాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "కూసో!" అన్నాను. ఆఫీసులో ఉన్నవాళ్లు తలలెత్తి చూశారు. "ఎన్నేండ్లు రాసినవ్ పలకలు? పిలిచేటోడు ఎవలో చెప్పకుండ ఒక్కటన్న రాసినవా? ఎవలు పిలుస్తున్నరో తెల్వకుంటె సినిమా ఇడిచిపెట్టి ఎవడన్న లేస్తడా? నీ పేరు ఎందుకు పెడ్తలేవ్?"

"నా పేరు చూస్తె ఫోను కాలువల ఇసిరేస్తడు."

"ఇసిరేస్తే ఇసిరేయనియ్యి. భయపడేది ఆయన కాదు పెద్దనాయినా, నువ్వు."

అంత మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాను గానీ, అనేశాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నా కాగితం లాక్కుని తానే రాశాడు. ఆయన రాసినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా, శిబిరం రోజు పొద్దున యాప్‌లో పెట్టాను.

"యేసయ్య కోసం బడి గేటు దగ్గర నాగప్ప నిలబడి ఉన్నాడు."

కింద "వస్తున్న" అని ఒకే బటన్. యేసయ్య యాప్ తెరిచాడు, నీళ్లు చూశాడు, డబ్బా వచ్చింది. ఆయన బటన్ నొక్కలేదు, ఇంటు గుర్తూ నొక్కలేదు. ఆ మాట అలాగే తెర మీద ఉండిపోయింది. ఫోను తనంతట తాను ఆరిపోయి ఉంటుంది.

నేను బడి దగ్గరికి వెళ్లేసరికి నాగప్ప నిజంగానే గేటు పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఎండ ముదిరింది. మల్దకల్ జంగమ్మ కూడా పరీక్షకు వచ్చింది. "ఈయనే గద పలకల నాగప్ప!" అని చెయ్యి పట్టుకుని పలకరించి, చెట్టు కింద కూర్చోమంది. కూర్చోలేదు. నేను కుర్చీ తెచ్చి వేస్తే దాన్ని ఇంకో ముసలాయనకు ఇచ్చేశాడు. మధ్యాహ్నం దాటింది. లోపల డాక్టర్లు సామాను సర్దుకుంటున్నారు, పాలమూరు వెళ్లే బస్సు ఇంజను స్టార్ట్ చేశారు. "ఇక రాడు, పద" అని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

అప్పుడు ఉమ స్కూటీ వచ్చి ఆగింది. వెనక నుంచి యేసయ్య దిగాడు. బక్కపలచటి మనిషి, పంచె ఎగ్గట్టి పొలం నుంచే వచ్చినట్టున్నాడు. చెయ్యి ముందుకు చాపుకుంటూ గేటు ఊచలు తడుముకున్నాడు. నాగప్ప రెండడుగుల దూరంలో ఉన్నా ఆయనకు కనబడలేదు.

"ఉన్నవా?" అన్నాడు.

"ఉన్న" అన్నాడు నాగప్ప.

"ఎప్పటిసంది?"

"పొద్దుగాలసంది."

"కూసోవద్దా, ముసలి పీనుగా? కాళ్లు పట్టుకపోవా?"

"నిలబడి ఉన్నడని రాసిన గదరా. కూసుంటె అబద్ధమైతది."

ఉమ నా వైపు చూసింది, నేను ఉమ వైపు చూశాను. ఇద్దరం ఏడ్చేశాం, సిగ్గు లేకుండా.

"గీ కన్ను గూడ పోతె?" అన్నాడు యేసయ్య మెల్లగా, పిల్లవాడిలా.

నాగప్ప పోదని చెప్పలేదు. "పోతె రోజు పొద్దుగాల నేనొచ్చి జూరాల నీళ్లెన్ని ఉన్నయో చెప్త. పోకుంటె, నువ్వు పొలంల దిగకుండ నీ గడప మీద కూసుంట. రెండిట్ల ఏదైనా ఇగ నిన్ను ఇడిచిపెట్ట. నడువు, బస్సు పోతది."

యేసయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. లోపల డాక్టరు కన్ను చూసి పేరు రాసుకున్నాక, అలాగే బస్సెక్కారు. తోడుగా ఉమ వస్తానంటే నాగప్ప వినలేదు, తానే వెళ్లాడు. మర్నాడు ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజున ఆఫీసుకు సెలవు పెట్టి ఉమతో పాటు నేనూ పాలమూరు వెళ్లాను. మంచం పక్కన నాగప్ప కూర్చుని ఉన్నాడు. ఆ రెండు రోజులూ ఆయన సరిగా తిననేలేదని పక్క మంచం వాళ్లు చెప్పారు.

నర్సు కట్టు తీసి, మందు చుక్కలు వేసి, మెల్లగా కన్ను తెరవమంది. యేసయ్య రెప్పలు కొట్టుకున్నాడు. గోడ చూశాడు, కిటికీ చూశాడు, ఉమను చూశాడు. తర్వాత పక్కకు తిరిగి నాగప్పను చూశాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు. చెయ్యి చాపి నాగప్ప బట్టతల తడిమాడు, ముడతలు పడ్డ చెంప తడిమాడు.

"ఏందిరా గిది?" అన్నాడు. "ఎప్పుడైతివిరా గింత ముసలోడివి?"

"నువ్వు నాతోని మాట్లాడని రోజులల్ల" అన్నాడు నాగప్ప.